పాత ల్యాప్‌టాప్‌కి లినక్స్ మింట్: అంతా బాగుంది, వైఫై మాత్రం మూడు రోజులు తిప్పింది

“వైఫై కార్డు పోయింది సార్. కొత్తది వేయాలి, పద్దెనిమిది వందలవుద్ది.” విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపు కుర్రాడు మా ల్యాప్‌టాప్ వెనక ఒక్క స్క్రూ కూడా విప్పకుండా చెప్పిన మాట ఇది. కార్డు పోలేదు. ఈ రివ్యూ టైపు చేస్తున్నది ఆ ల్యాప్‌టాప్ మీదే, ఇది మీదాకా వచ్చింది ఆ కార్డులోంచే.

విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22, అందులో పాత మెషీన్లకి తేలిగ్గా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ గురించి రాద్దామని కూర్చున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్క మార్కు వైఫై దగ్గరే పోయింది, అందులోనూ సగం నా తొందరపాటే. నేను చదివిన రివ్యూలన్నింట్లో డెస్క్‌టాప్ ఎంత అందంగా ఉంది, మెనూ ఎటువైపు ఉంది అని బొమ్మలు పెట్టి మరీ రాశారు, అవి చూసే నేనూ వేశాను. వైఫై రాని ల్యాప్‌టాప్‌లో ఆ అందాన్ని ఏం చేసుకోవాలో ఒక్కరూ రాయలేదు. అందుకని ఇది కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

ల్యాప్‌టాప్ మా బావది. 2014లో కొన్నాడు. ఐ3 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్. సింగ్ నగర్‌లో వాళ్ల ఇల్లు 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో మునిగినప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు అన్నీ పోయాయి. ఎవరూ వాడట్లేదని అటక మీద పడేసిన ఇది మాత్రం చుక్క తడవలేదు. “పనికొచ్చేవన్నీ పోయి పనికిరానిది మిగిలింది” అని అక్క అప్పట్లో తిట్టుకుంది కూడా. ఇప్పుడు మేనకోడలు డిగ్రీలో చేరింది, రికార్డులు టైపు చేసుకోడానికి, పాఠాల వీడియోలు చూసుకోడానికి ఏదో ఒకటి కావాలంది. కొత్తది కొనాలంటే ముప్పై వేల పైమాటే. నన్నడిగారు. ఎందుకంటే నేను ఏలూరు రోడ్డు వైపు ఒక ప్రెస్సులో డీటీపీ చేస్తాను, మా ఇంట్లోవాళ్ల లెక్కలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి కంప్యూటర్లో ఉన్న సమస్తమూ తెలిసుండాలి.

అందులో ఉన్నది విండోస్ 10, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి అంటుంది, మనదేమో నాలుగోది. సరే, ఉన్న హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసి మింట్ ఎక్కిద్దామనుకున్నాను. మింట్ 22ని ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్ మీద కట్టారు, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, అంటే పిల్ల డిగ్రీ అయిపోయి ఉద్యోగంలో చేరేదాకా ఢోకా లేదు. డౌన్‌లోడ్ దాదాపు 3 జీబీ, పైసా ఖర్చు లేదు. కార్తీక మాసంలో ఒక ఆదివారం అక్క వాళ్లింట్లో భోజనం అయ్యాక మొదలుపెట్టాను, టీ పెట్టేలోపు ఇన్‌స్టాల్ అయిపోయింది. ఇందులో చెప్పడానికేమీ లేదు, అడిగినవాటికి సమాధానాలు చెప్తూ పోవడమే.

బాగున్నవి ముందు చెప్తాను. 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్లో ఏడెనిమిది ట్యాబులు తెరిచినా గుక్కపట్టి ఆగిపోవడం లేదు. విండోస్‌లో ఇదే మెషీన్ ఆన్ చేసి స్నానం చేసి రావచ్చు, ఇప్పుడు అర నిమిషంలో డెస్క్‌టాప్ వస్తోంది (ఇందులో ఎస్‌ఎస్‌డీ పుణ్యం ఎక్కువ, మొత్తం మింట్‌కే ఇవ్వను). తెలుగు ఎక్కడా విరగలేదు, వత్తులు పక్కకి జారడం లాంటివి లేవు. టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, కావాలంటే ఐబస్ అనే టైపింగ్ టూల్లో ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే) పద్ధతి పెట్టుకోవచ్చు, పోతన, వేమన ఫాంట్లు కూడా ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. నాకు మాత్రం ఇది ఆఫీసుకి పనికిరాదు. మా పనంతా పేజ్‌మేకర్, అను ఫాంట్లు, అవి విండోస్‌వి, విజయవాడలో సగం పుస్తకాలు ఇప్పటికీ వాటిమీదే కంపోజ్ అవుతున్నాయి. డీటీపీ చేసేవాళ్లు దీన్ని ఇంటి మెషీన్‌లో వేసుకోండి, పని మెషీన్ జోలికి పోకండి.

ఇక వైఫై.

ఇన్‌స్టాల్ అయ్యాక కింద కుడి మూలన నెట్‌వర్క్ గుర్తు నొక్కాను. వైర్డ్ కనెక్షన్ అని ఒక లైను ఉంది. అంతే. వైఫై ఆఫ్‌లో ఉందనో, నెట్‌వర్క్‌లు దొరకలేదనో ఉంటే అదో దారి, అసలు వైఫై అనే మాటే ఆ మెనూలో లేదు. ఈ ల్యాప్‌టాప్‌కి వైఫై అనే అవయవమే పుట్టుకతో లేనట్టు. కీబోర్డు మీద విమానం బొమ్మ ఉన్న మీట నొక్కాను, మళ్లీ నొక్కాను, ఎఫ్‌ఎన్ పట్టుకుని నొక్కాను. మేనకోడలు పక్కన నిలబడి “రూటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యనా మావయ్యా?” అంది. చెయ్యమన్నాను, వద్దంటే నాకేం తెలియదని తెలిసిపోద్దని. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొడితే ఏయే రేడియోలు ఆఫ్‌లో ఉన్నాయో చూపిస్తుంది, సాఫ్ట్ బ్లాక్ అంటే సాఫ్ట్‌వేర్ ఆపింది, హార్డ్ బ్లాక్ అంటే మీటో స్విచ్చో ఆపింది. నా దాంట్లో బ్లూటూత్ పేరుంది. వైఫై పేరు లేదు.

సోమవారం ప్రెస్సు నుంచి వస్తూ మొదటి షాపుకి తీసుకెళ్లాను. ఆ కుర్రాడు ఒక చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ గుచ్చాడు, వెంటనే వైఫైలన్నీ వరసకట్టాయి. “చూశారా సార్, బయటది వస్తోంది, అంటే లోపలది పోయినట్టే” అన్నాడు. పక్కింట్లో మోటారు తిరుగుతోంది కాబట్టి మనింట్లో మోటారు కాలిపోయింది అన్నట్టుంది ఆ తర్కం. కానీ ఆ క్షణంలో నాకూ నిజమే కదా అనిపించింది, పద్దెనిమిది వందలకి తల కూడా ఊపబోయాను. “లేకపోతే ఈ లినక్స్ తీసేసి విండోస్ వేయించుకోండి సార్, దీంట్లో ఏదీ రాదు” అని రెండో మాట అన్నాడు చూడండి, అక్కడ ఆగాను. కార్డు పోతే విండోస్ వేసినా రాకూడదు కదా? రెండింట్లో ఏదో ఒకటే నిజం కావాలి. రేపొస్తానని చెప్పి బయటపడ్డాను. ఇంటికెళ్లి చెప్తే అక్క కూడా అదే అడిగింది, “శనివారం దాకా విండోస్‌లో వచ్చింది కదరా, ఆదివారం పూట దానికేమొచ్చింది?” అని.

మంగళవారం మా ప్రెస్సు కంప్యూటర్లు చూసే మిత్రుడికి ఫోన్ చేశాను. అతను ఒక్కటే అడిగాడు, “ఏ చిప్పు?” నాకు తెలియదు. ల్యాప్‌టాప్ కంపెనీ పేరు చెప్తే “అది కాదండీ, ఒకే మోడల్లో కూడా ఒక లాట్‌లో ఒక కంపెనీ కార్డు, ఇంకో లాట్‌లో ఇంకోటి వేస్తారు” అన్నాడు. టెర్మినల్లో ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఖాళీ వదిలి, గీత పెట్టి ఎన్‌ఎన్‌కే అని చిన్నక్షరాల్లో కొట్టి ఫొటో పంపమన్నాడు. బారెడు లిస్టు వచ్చింది, అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న చోట బ్రాడ్‌కామ్ బీసీఎం43142, పక్కన చదరపు బ్రాకెట్లలో 14ఈ4:4365 అని ఉంది. ముందున్న 14ఈ4 బ్రాడ్‌కామ్ కంపెనీ నంబరు, తర్వాతది ఈ చిప్పు నంబరు. మీరు సాయం కోసం ఎవరిని అడిగినా ముందు ఈ నంబరు చెప్పండి. “వైఫై రావట్లేదు, ఏం చెయ్యాలి” అని అడిగితే డాక్టరు దగ్గరికెళ్లి “బాలేదు” అన్నట్టే. కార్డు పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఆ లిస్టులో మామూలుగా పేరే కనపడదు, పేరు కనపడిందంటే అది మదర్‌బోర్డుతో మాట్లాడుతూనే ఉంది. పద్దెనిమిది వందలు అక్కడ మిగిలాయి.

అదే లిస్టులో దాని కింద ఇంకో లైను ఉంది, ఇప్పుడు ఏ డ్రైవర్ పట్టుకుని ఉందో చెప్పే లైను. అక్కడ బీసీఎంఏ అని ఉంది. నెహ్రూ బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతారే, సరిగ్గా అది. బీసీఎంఏ అనే డ్రైవర్ ముక్క (మాడ్యూల్ అంటారు) కార్డు మీద కర్చీఫ్ వేసి కూర్చుంది గానీ ఈ చిప్పుతో వైఫై నడిపించడం దానికి రాదు. నడిపించేది వేరే ఉంది, దాని పేరు డబ్ల్యూఎల్, అదింకా సిస్టమ్‌లోకి రానేలేదు.

ఎందుకు రాలేదో తెలుసుకున్నాక కోపం కొంచెం తగ్గింది. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్లో ఉండే డ్రైవర్ల కోడ్ అందరికీ తెరిచి ఉండాలి. బ్రాడ్‌కామ్ చిప్పులకి మొదట్లో కంపెనీ నుంచి అలాంటిది లేకపోతే కొంతమంది వాళ్లంతట వాళ్లే, చిప్పు ఎలా ప్రవర్తిస్తోందో గమనిస్తూ ఒకళ్లు వివరాలు రాసుకుంటే, ఆ వివరాలు మాత్రమే చూసి ఇంకొకళ్లు డ్రైవర్ రాశారు, అలా 2006లో ఒకటి కెర్నెల్లోకి వచ్చింది, దాని తర్వాతి రూపమే బీ43. 2010 సెప్టెంబరులో కంపెనీయే ఓపెన్ డ్రైవర్ ఒకటి ఇచ్చింది, అది అప్పటి కొన్ని చిప్పులకే. మా 43142 ఈ రెండింట్లో దేని కిందికీ రాదు. దానికి డబ్ల్యూఎల్ ఒక్కటే గతి, దాని అసలు భాగం మూసిపెట్టిన ముద్ద, లోపల ఏముందో ఎవరూ చూడలేరు, మార్చలేరు. అలాంటి దాన్ని కెర్నెల్లో కలపరు, మింట్ వాళ్లు పక్కన పెట్టి ఉంచి, కావాలంటే మీరే వేసుకోండి అంటారు. నా ఉద్దేశంలో ఇది సరైన పద్ధతే, కాకపోతే ఆ “పక్కన” ఎక్కడుందో కొత్తవాడికి కనపడాలి కదా.

కనపడేలానే పెట్టారు నిజానికి. మొదటిసారి ఆన్ అయినప్పుడు వెల్‌కమ్ స్క్రీన్ ఒకటొస్తుంది, అందులో డ్రైవర్ మేనేజర్ అని చక్కగా ఒక బటన్ ఉంది. నేను దాన్ని బ్యాంకు యాప్‌లో వచ్చే ప్రకటన అనుకుని చదవకుండానే మూసేశాను. ఇది నా ఖాతాలో రాసుకోండి.

డ్రైవర్ మేనేజర్‌కి నెట్ కావాలి, నెట్‌కి డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. దీనికి మందు ఫోన్ చార్జింగ్ కేబులే. ఆండ్రాయిడ్ ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి గుచ్చి హాట్‌స్పాట్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే మింట్‌కి అది వైరు నెట్‌లాగా కనపడుతుంది, ఏ డ్రైవరూ అక్కర్లేదు. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే చాలా ఫోన్లలో ఆ వైఫైనే కేబుల్లోంచి పంపిస్తుంది, మొబైల్ డేటా కూడా కరగదు. ఇంకో సంగతి నాకు తర్వాత తెలిసింది, ఈ బ్రాడ్‌కామ్ డ్రైవర్ మింట్ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది, అది గుచ్చి పెడితే నెట్ లేకుండానే ఎక్కించుకోవచ్చు. తెలిసేటప్పటికి ఆ పెన్‌డ్రైవ్‌ని ఖాళీ చేసి ప్రెస్సులో ప్రూఫులు మోయడానికి వాడేస్తున్నాను.

టెథరింగ్ పెట్టాను, డ్రైవర్ మేనేజర్ తెరిచాను, బ్రాడ్‌కామ్ పేరుతో ఒక వరస కనపడింది, దాన్ని ఎంచుకుని అప్లై కొట్టాను, గీత నిండింది, రీస్టార్ట్ అడిగింది, చేశాను. రాత్రి తొమ్మిదయింది. మేనకోడలు, అక్క, బావ ముగ్గురూ టీవీ సౌండ్ తగ్గించి మరీ చూస్తున్నారు. నెట్‌వర్క్ గుర్తు నొక్కాను.

వైర్డ్ కనెక్షన్. అంతే.

బావ ఏమీ అనకుండా టీవీ సౌండ్ పెంచాడు.

మళ్లీ మిత్రుడికి ఫోన్. టెర్మినల్లో సుడో మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ అని కొట్టమన్నాడు, అంటే ఆ డ్రైవర్‌ని చేత్తో లేపడం. “కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్” అని వచ్చింది. చదివి వినిపించగానే నవ్వాడు, “సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందండీ” అని. విషయం ఏంటంటే, విండోస్ 8 కాలం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో సెక్యూర్ బూట్ అని ఒకటుంటుంది, సంతకం లేని కోడ్‌ని కెర్నెల్లోకి రానివ్వదు. ఈ డబ్ల్యూఎల్ మన మెషీన్‌లోనే అప్పటికప్పుడు తయారయ్యే మాడ్యూల్, దానిమీద మన మెషీన్ కీతోనే, అంటే తాళంతోనే సంతకం పడుతుంది, ఆ తాళం మాదే అని మనం ఒకసారి వెళ్లి సాక్ష్యం చెప్పాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో డాక్యుమెంటు రాయిస్తే సరిపోదు, మనిషి వెళ్లి వేలిముద్ర వెయ్యాలి కదా, అలా.

దీనికి మోక్‌యుటిల్ అనే కమాండ్ ఉంది, మింట్ తయారుచేసి పెట్టిన తాళం ఫైలుని దానికి చూపిస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఇది లాగిన్ పాస్‌వర్డ్ కాదు, ఈ ఒక్కసారికి మీరు పెట్టుకునేది, సులువైనది పెట్టుకోండి. తర్వాత రీస్టార్ట్ చేస్తే మింట్ రాకముందే నీలం రంగు తెర ఒకటి వచ్చి, ఏదైనా మీట నొక్కు, పది సెకన్లు టైముంది అని లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఇక్కడ రాసిపెట్టుకోండి, పది సెకన్లే. నేను రీస్టార్ట్ కొట్టిన క్షణంలో ప్రెస్సు నుంచి ఫోనొచ్చింది, రేపటి పుస్తకంలో పేజీ నంబర్లు తప్పాయని. తలెత్తేసరికి నీలం తెర పోయి డెస్క్‌టాప్ వచ్చి కూర్చుంది. టైము దాటితే అది ఏమీ అనదు, తప్పయిందనీ చెప్పదు, మామూలుగా బూట్ అయిపోద్ది. మళ్లీ మొదట్నుంచీ.

రెండోసారి ఫోన్ పక్క గదిలో పడేసి వచ్చాను. నీలం తెర వచ్చింది, మీట నొక్కాను, ఎన్‌రోల్ మోక్ అన్నది ఎంచుకున్నాను, కంటిన్యూ, ఎస్, పాస్‌వర్డ్, రీబూట్. అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద ఏమీ కనపడదు, చుక్కలు కూడా రావు, కంగారు పడక్కర్లేదు. ఇదంతా వద్దనుకుంటే మెషీన్ సొంత సెట్టింగులుండే బయోస్‌లోకెళ్లి సెక్యూర్ బూట్ ఆపేయొచ్చు, చాలామంది అదే చేస్తారు, తప్పేమీ కాదు. నాకెందుకో ఉన్న గొళ్లెం తీసేయడం ఇష్టం లేకపోయింది.

ఈసారి డెస్క్‌టాప్ వచ్చేసరికే మూలన గుర్తు మారింది. నొక్కితే పద్నాలుగు వైఫైలు. ఎదురింటి వాళ్లది, మేడ మీద వాళ్లది, “మా వైఫై వాడొద్దు” అని పేరు పెట్టుకున్న ఎవరిదో. మేనకోడలు నా చేతిలోంచి ల్యాప్‌టాప్ లాక్కుని పాస్‌వర్డ్ కొట్టింది. పది గంటల ఇరవై నిమిషాలు. ఆ డబ్ల్యూఎల్ ప్యాకేజీ ఎక్కినప్పుడే బీసీఎంఏని పక్కన కూర్చోమని ఒక ఫైలు రాసుకుంటుంది, అంటే కర్చీఫ్ కూడా అదే తీసేస్తుంది, మనం చెయ్యాల్సిందేమీ లేదు.

స్పీడు గురించి నిజం చెప్పాలి. అక్క వాళ్లది సెకనుకు 100 మెగాబిట్ల ప్లాను. ఫోన్లో దాదాపు అంతా వస్తోంది, ఈ ల్యాప్‌టాప్‌లో ముప్పై అయిదు, నలభై మధ్య ఆడుతోంది. లినక్స్ వల్ల అనుకుని మళ్లీ కాసేపు తల బాదుకున్నాను, కాదు. ఈ చిప్పు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది, 5 అనేది దానికి కనపడదు, పైగా డేటా పోయేది ఒకే ధారలో. మామూలు 20 మెగాహెర్ట్జ్ చానల్ వెడల్పులో కాగితం మీదే దీని గరిష్ఠం 72 మెగాబిట్లు, గాల్లోకి వచ్చేసరికి సగం. పద్నాలుగు వైఫైలు ఒకే బ్యాండులో అరుచుకుంటుంటే ఈమాత్రం రావడమే గొప్ప. పాఠాల వీడియోలకి ఎక్కడా ఆగట్లేదు కాబట్టి మేనకోడలికి ఫిర్యాదు లేదు. నాకే దురద.

ఆ దురదతో ఇంటెల్ కార్డు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వేయిద్దామని బయల్దేరాను. ఇంటెల్ కార్డుల డ్రైవర్ కెర్నెల్లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) మింట్‌తోనే వస్తుంది, పెట్టగానే పని చేస్తుంది, 5 గిగాహెర్ట్జ్ కూడా వస్తుంది. ఈసారి మొదటి షాపుకి వెళ్లలేదు. అదే గవర్నర్‌పేటలో ఒక సందులో మెట్లెక్కి వెళ్లే చిన్న గది, ఒక పెద్దాయన, టేబుల్ మీద పసుపు పచ్చ లైటు, స్క్రూలు కలిసిపోకుండా పాత కుంకుమ భరిణెల్లో వేసుకుంటాడు. విషయం చెప్తే ముందు ధర చెప్పలేదు, “చూద్దాం ఉండండి” అని వెనక మూత విప్పాడు.

వైఫై కార్డు ఎంతుంటుందో నేనెప్పుడూ చూడలేదు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు, పోస్టల్ స్టాంపంత. ఒక మూల రెండు బుల్లి బంగారు రంగు గుండీలు, ఆవగింజంత ఉన్నాయి. ఒక గుండీకి దారంలాంటి నల్ల వైరు నొక్కి ఉంది. రెండోది ఖాళీ. ఆయన చిన్న చిమటాతో ఆ నల్ల వైరు వెంట తెర అంచుదాకా వెళ్లి చూపించాడు. “ఒకటే యాంటెనా ఇచ్చారండీ దీనికి. మీరు రెండు యాంటెనాల కార్డు కొంటానంటున్నారు, రెండో దానికి వైరేదీ? తెర మొత్తం విప్పి కొత్త వైరు లాగాలి, ఆ పనికి నేను తీసుకునే డబ్బుతో మీకు ఇంకో మూడేళ్లు కాలక్షేపం అవుద్ది.” ఒక వైరుతో కూడా 5 గిగాహెర్ట్జ్ వస్తుంది కదండీ అన్నాను. వస్తుంది, కానీ ఈ కంపెనీ పాత మోడళ్లలో కొన్నింటికి బయోస్‌లోనే కార్డుల జాబితా ఉంటుంది, జాబితాలో లేని కార్డు పెడితే ఆన్ అవ్వగానే ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోద్ది, మీరు కొనేసి తీసుకొస్తే నేను వెనక్కి తీసుకోలేను అన్నాడు. ఫ్యాను దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కి పేస్టు మార్చి మూడొందలు తీసుకున్నాడు. కార్డు అలాగే ఉంది. ఆయన షాపుకి వేరే రివ్యూ రాయాలి, పేరు పెట్టొచ్చా అని అడిగి మరీ.

ఇక నచ్చని సంగతి. ఈ డబ్ల్యూఎల్‌కి కంపెనీ ఇచ్చిన వెర్షన్ 2015 నాటిది, అప్పట్నుంచీ కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్‌ల వాళ్లే దానికి అతుకులు వేసుకుంటూ వస్తున్నారు. కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ మాడ్యూల్ మళ్లీ తయారవ్వాలి, అది దానంతటదే జరిగిపోద్ది, ఎప్పుడైనా జరగకపోతే పొద్దున్నే వైఫై మాయం. మాకింకా రాలేదు. వస్తే ఏం చెయ్యాలో కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ అడుగున అంటించాను: ఆన్ చేసేటప్పుడు గ్రబ్ అనే బూట్ మెనూ తెప్పించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నెల్ ఎంచుకుని లోపలికి రా, తర్వాత మావయ్యకి ఫోన్ చెయ్. టైమ్‌షిఫ్ట్ అని మింట్‌లోనే ఒకటుంది, అప్‌డేట్‌కి ముందు సిస్టమ్‌ని ఫొటో తీసి పెట్టుకున్నట్టు దాచుకుంటుంది, అది కూడా వారానికోసారి నడిచేలా పెట్టాను.

మీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ కార్డు ఉంటే ఈ గొడవలో దాదాపు ఏదీ మీకు రాదు, హాయిగా మింట్ వేసుకోండి. పాత ఏథరోస్ కంపెనీ కార్డు అయితే ఇంకా సుఖం, వాటిలో ఏటీహెచ్9కే డ్రైవర్ వాడే కార్డులకి ఫర్మ్‌వేర్ ఫైలు కూడా అక్కర్లేదు. రియల్‌టెక్ 8723బీఈ ఉన్నవాళ్లకి ఇంకో రకం తలనొప్పి. వైఫై వస్తుంది, రూటర్ పక్కన కూర్చుంటే తప్ప సిగ్నల్ ఉండదు, ఒకే వైరు ఉన్న ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ వైరు లేని గుండీ వైపు వింటూ కూర్చోవడం దానికి మామూలు కారణం. డ్రైవర్‌కి యాంటెనా సెలెక్ట్ అని ఒక ఆప్షన్ ఉంది, దాన్ని 1 గానీ 2 గానీ చేసి చూస్తే చాలాసార్లు కుదురుతుంది. మా ప్రెస్సులో ఒకాయన ఆరు నెలలు వంటింట్లో కూర్చుని ల్యాప్‌టాప్ వాడాడు, రూటర్ అక్కడుందని.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లు మాత్రం ఒక పని చెయ్యండి. మింట్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లండి, డబ్బివ్వక ముందు దాంతో బూట్ చెయ్యమనండి. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, డిస్కులో ఉన్నది చెరగదు. మూలన వైఫై పేర్లు కనపడ్డాయా, సౌండ్ వచ్చిందా, మూత మూసి తెరిస్తే మేలుకుందా చూసుకోండి. అయిదు నిమిషాల పని. షాపువాళ్లు కొంచెం చిరాకు పడతారు, పడనివ్వండి. నేనూ ఆ ఆదివారం ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కేముందు ఒక్కసారి ఆ మూలకి చూసుంటే సోమవారం గవర్నర్‌పేట ట్రాఫిక్ తప్పేది, నేను వాల్‌పేపర్లు చూస్తూ కూర్చున్నాను.

మొత్తం ఖర్చు ఎస్‌ఎస్‌డీ కాకుండా మూడొందలు, అదీ దుమ్ముకి. ఇప్పటికి నెలన్నర అయింది, రోజూ వాడుతోంది, ఒక్కసారి కూడా వైఫై తెగిందని ఫోన్ రాలేదు. బ్లూటూత్ మాత్రం చెయ్యలేదు. వైఫై, బ్లూటూత్ ఒకే చిప్పులో ఉన్నా బ్లూటూత్‌కి వేరే ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి, లైసెన్సు కారణంగా అది మింట్‌తో రాదు, విండోస్ డ్రైవర్లోంచి ఆ ఫైలు వెతికి తీసి, లినక్స్‌కి కావాల్సిన ఫార్మాట్‌లోకి మార్చి, పేరు మార్చి, సరైన ఫోల్డర్లో పెట్టుకోవాలి. చేయొచ్చు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర మేనకోడలు “బ్లూటూత్ ఎప్పుడు మావయ్యా?” అని అడిగింది. బీసెంట్ రోడ్డు దాకా నడిచి నూటయాభై పెట్టి వైరు ఇయర్‌ఫోన్లు కొనిచ్చాను.